జడ పక్కకు తీయండి: ఛాతీ ఎక్స్‌రేలు చదివే యంత్రం నడిపేవారికి బహిరంగ లేఖ

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లోనూ, సరిహద్దు దాటితే శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ ఛాతీ ఎక్స్‌రేలను చదివే కృత్రిమ మేధను కొనే అధికారులకు, దాన్ని నడిపే వైద్యులకు, తయారుచేసే ఇంజనీర్లకు,

నమస్కారం.

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ముప్పై మూడేళ్లు సరిహద్దుకు అటూ ఇటూ ఆసుపత్రుల్లో ఎక్స్‌రేలు తీసి పదవీ విరమణ చేశాను. డాక్టరును కాను. రోగం పేరు చెప్పే అధికారం నాకు ఎన్నడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ మీరు కొంటున్న యంత్రం ఏ నీడను చూసి మాట్లాడుతుందో, ఆ నీడను తయారుచేసేది నాలాంటివాళ్లే. విందు గురించి ఊరంతా మాట్లాడుకుంటూ వంటవాణ్ణి మాత్రం అడగనట్టుగా, ఈ చర్చల్లో మమ్మల్ని ఎవరూ అడగడం లేదు. అందుకని అడగకుండానే చెబుతున్నాను.

నా ఉద్యోగమంతా మూడే ముక్కల్లో గడిచింది. ఊపిరి గట్టిగా పీల్చండి, బిగబట్టండి, ఇక వదలండి. ఈ మూడు ముక్కలను తెలుగులోనూ ఒడియాలోనూ రోజుకు వందసార్లు చెప్పేవాణ్ణి. కొండ మీద నుంచి వచ్చే సవరల కోసం వాళ్ల మాటల్లోనూ నేర్చుకున్నాను. నా ఉచ్చారణ విని ఒక అవ్వ పక్కున నవ్వింది. నవ్వితే ఊపిరి పోయింది, ఊపిరి పోతే ఫిల్మూ పోయింది. అప్పట్లో ఫిల్ము లెక్కగా వచ్చేది, పాడైతే సంజాయిషీ రాసుకోవాలి. ‘రోగి నవ్వినందున’ అని రాశాను. పై అధికారి సంతకం పెట్టారు గానీ మర్నాటి నుంచి నన్ను చూసినప్పుడల్లా ఆయనా నవ్వేవారు.

నవ్వులాట కోసం చెప్పలేదు ఈ సంగతి. మనిషి ఊపిరి సగమే పీలిస్తే గుండె అడ్డంగా పరుచుకుని ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. ఊపిరితిత్తుల అడుగుభాగం మసకబారి అక్కడ నిమ్ము చేరిందేమో అనిపిస్తుంది. ఒక భుజం ముందుకు వచ్చి మనిషి కొంచెం తిరిగి నిలబడితే ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా పడుతుంది. ఆడవాళ్ల జడ మెడ మీదుగా భుజం మీదికి జారితే, తడి తల అయితే మరీనూ, ఊపిరితిత్తి పైకొసలో సరిగ్గా క్షయ మచ్చలాంటి నీడ పడుతుంది. మెడలో తాయెత్తు, పూసల దండలు, జాకెట్టు హుక్కులు, చివరికి చనుమొన కూడా ఫిల్ము మీద గడ్డలా కనిపించగలవు. అందుకే నా బల్ల సొరుగులో ఎప్పుడూ ఒక రబ్బరు బ్యాండ్ల పొట్లం ఉండేది. జడ పైకి కట్టి, పూసలు తీయించి, గడ్డం ఎత్తించి, భుజాలు ముందుకు వంచి, అప్పుడు మీట నొక్కేవాణ్ణి. పూసలు తీయమంటే కొందరు సవర ఆడవాళ్లు ఒప్పుకునేవారు కాదు. తోడు వచ్చినవాళ్లలో పెద్దామె ఎవరో చూసి, ఆమె చేతిలో పెట్టించి, మళ్లీ మెడలో వేసేదాకా అక్కడే నిలబడేవాణ్ణి. ఈ పనులేవీ ఏ కొటేషన్‌లోనూ కనిపించవు.

ఇక యంత్రం మాట. నేను దానికి వ్యతిరేకిని కాను, ముందే చెప్పేస్తున్నాను. 2016లో కృత్రిమ మేధ పరిశోధకుడు జెఫ్రీ హింటన్, ఇక రేడియాలజిస్టులకు, అంటే ఎక్స్‌రేలు చదివే డాక్టర్లకు, శిక్షణ ఇవ్వడం మానేయాలని, ఐదేళ్లలో యంత్రాలు వారిని మించిపోతాయని అన్నారు. ఆయనకు 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. రేడియాలజిస్టులూ అలాగే ఉన్నారు. మా వైపు ఆ మాట విన్నప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే: మానేయాలంటే ముందు ఉండాలి కదా. నేను పనిచేసిన చోట్ల రేడియాలజిస్టు వారానికి ఒకసారి కనిపిస్తే పండగ. మిగతా రోజుల్లో ఓపీలో వంద మందిని చూస్తున్న డాక్టరే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి అరనిమిషంలో తేల్చేవారు. మధ్యాహ్నం మూడింటికి చూసే నలభయ్యో ఫిల్ముకు, పొద్దున్న చూసిన మొదటి ఫిల్ముకు ఒకే చూపు దొరకదు. యంత్రానికి ఆ అలసట లేదు. గుండె నీడ వెనకాల దాక్కున్న మచ్చ, మెడ ఎముక కింద ఇరుక్కున్న మచ్చ మనిషి కంటికి తప్పిపోయే చోట్లు. పదవీ విరమణ చేశాక ఒక పరిచయస్తుడి దగ్గర ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను చూశాను. గుండె వెనక ఒక చోట అది ఎర్రటి మేఘంలాంటి గుర్తు వేసింది. నేను రెండుసార్లు చూసి ఏమీ లేదన్నాను. మూడోసారి కనిపించింది. ఆ సాయంత్రం అన్నం సహించలేదు, ఇలాంటివి ఇన్నేళ్లలో ఎన్ని వదిలేశానో అని.

టీబీ విషయంలో అయితే ఎక్స్‌రే విలువ ఎంతో దేశం మొత్తానికీ లెక్క తేలింది. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ క్షయ సర్వేలో ఎక్స్‌రే లేకుండా దగ్గు, జ్వరం వంటి లక్షణాలు మాత్రమే అడిగి ఊరుకుని ఉంటే, దొరికిన రోగుల్లో 42.6 శాతం మంది దొరికేవారే కాదు. దగ్గు లేకుండానే క్షయ మోసుకు తిరిగేవాళ్లు అంతమంది. 2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పదిహేనేళ్లు పైబడినవారి ఛాతీ ఎక్స్‌రేలను క్షయ కోసం చదవడానికి మనిషికి బదులుగా ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను వాడవచ్చని సిఫారసు చేసింది. 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల క్షయ ఉద్యమంలో చేత్తో మోసుకెళ్లే ఎక్స్‌రే యంత్రాలను, కృత్రిమ మేధను ఊళ్లలోకి తీసుకెళ్లారు. డార్క్ రూంలో ఎర్ర దీపం కింద డెవలపర్ తొట్టెలో ఫిల్ము ముంచి, గడియారం చూస్తూ నిలబడ్డవాణ్ణి నేను. పెద్ద కెమెరా అంత యంత్రం చెట్టు కింద ఛాతీ ఫోటో తీసి, నిమిషంలో జవాబు చెప్పడం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. రావలసిందే అది.

అది వచ్చాక జరిగిన ఒక సంగతి చెబుతాను. ఏ ఊరో, ఎవరు పెట్టిన శిబిరమో రాయను. ఎవరినో దోషిగా నిలబెట్టడానికి కాదు ఈ లేఖ.

మా వీధి చివర ఉండే ఒక అమ్మాయి, ఇరవై నాలుగేళ్లు ఉంటాయి, నన్ను మావయ్యా అని పిలుస్తుంది. చాన్నాళ్లుగా పొడి దగ్గు, బిందెడు నీళ్లు మోస్తే ఆయాసం. శిబిరంలో ఎక్స్‌రే తీశారు. యంత్రం అంకె ఇచ్చింది, చాలా చిన్న అంకె. చేతికి ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. అక్కడున్న కుర్రాడు కాగితం చూసి ‘ఏమీ లేదమ్మా, నార్మల్’ అన్నాడు. వాళ్ల అత్తగారు ఆ మాటను పట్టుకుంది. ఏమీ లేదని యంత్రమే చెప్పింది, ఇంకేం ఆయాసం, పని తప్పించుకోవడానికి వేషాలు అని. ఎనిమిది నెలలు గడిచాయి. గర్భవతి అయ్యింది. ఆరో నెలలో రాత్రి పడుకోలేక కూర్చునే నిద్రపోవడం మొదలైంది. దగ్గితే కళ్లెలో రక్తపు చారలు. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళితే ఎకో, అంటే గుండె స్కానింగ్, తీసి చెప్పారు, గుండెలో రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు సన్నబడిపోయిందని. చిన్నప్పటి గొంతునొప్పి, కీళ్ల జ్వరం గుండెకు వదిలిపెట్టే జబ్బు ఇది. రుమాటిక్ గుండెజబ్బు అంటారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి బెలూన్ పంపి వాల్వు తెరిచారు. తల్లీ బిడ్డా దక్కారు, వాళ్ల అదృష్టం.

తర్వాత వాళ్ల ఆయన శిబిరం నాటి ఎక్స్‌రేను ఫోనులో నాకు చూపించాడు. గుండె ఎడమ అంచు, నడుము దగ్గర లోపలికి నొక్కుకుని ఉండవలసిన చోట, గీత గీసినట్టు నిటారుగా ఉంది. కుడి అంచులో ఒక నీడ మీద ఇంకో నీడ. ఊపిరితిత్తుల పైభాగంలో రక్తనాళాలు లావెక్కి ఉన్నాయి. ముప్పై ఏళ్లు ఫిల్ములు చూసిన ఏ టెక్నీషియనైనా ‘సార్, ఈమెకు ఎకో రాయండి’ అని డాక్టరు చెవిలో వేసే బొమ్మ అది.

యంత్రం అబద్ధం చెప్పలేదు. దాన్ని క్షయ ఉందా అని అడిగారు, లేదు అంది. నిజమే, ఆమెకు క్షయ లేదు. ‘క్షయ లేదు’ అన్నది ‘ఏమీ లేదు’ అయింది. ఆ మార్పు యంత్రంలో జరగలేదు, ఇంగ్లీషు కాగితానికీ తెలుగు చెవికీ మధ్య ఉన్న మూడడుగుల దూరంలో జరిగింది.

నేను ఈ లేఖ రాయడానికి కారణం ఆ మూడడుగులే.

కొనేవారిలో చాలామందికి స్పష్టంగా తెలియని విషయం ఒకటి ఉంది. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఒకటి కావు. కొన్ని క్షయ ఒక్కదాన్నే వెతుకుతాయి. కొన్ని గుండె పెరిగిందా, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందా, గాలి చేరిందా, గడ్డ ఉందా అని పది పన్నెండు ప్రశ్నలకు జవాబు ఇస్తాయి. మీరు దేనికి డబ్బు కట్టారో, దేన్ని ఆన్ చేసి ఉంచారో దాన్నిబట్టి జవాబు. పన్నెండు ప్రశ్నలు అడిగినా గుండె సంగతి వచ్చేసరికి యంత్రం ముఖ్యంగా చేసేది కొలత. గుండె వెడల్పు ఛాతీ వెడల్పులో సగం దాటిందా లేదా. ఈ కొలత ఆరడుగుల దూరం నుంచి, వీపు వైపు నుంచి కిరణం పంపి, పూర్తి ఊపిరితో తీసిన బొమ్మకే చెల్లుతుంది. చెట్టు కింద, దగ్గర నుంచి, ముందువైపు నుంచి తీస్తే గుండె ఉబ్బి కనిపిస్తుంది. చేతిని దీపానికి దగ్గరగా జరిపితే గోడ మీద నీడ పెద్దదైనట్టు. ఆ అమ్మాయి గుండె అయితే మొత్తంగా సగం దాటనేలేదు. ఒక్క గది ఉబ్బింది, అంతే. కొలతకు అది అందకపోవచ్చు. ఆయాసం ఉందని ఆమె నోటితో చెప్పిన మాటకే అందుతుంది. ఆ మాట రాసుకునే గడి శిబిరం ఫారంలో లేదు.

యంత్రం ఎలా నేర్చుకుంటుందో కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే నా ఉద్యోగానికి ఇందులో ఒక చమత్కారమైన పాత్ర ఉంది. లక్షల ఎక్స్‌రేలు, ఒక్కోదానికి ఒక చీటీ, ఫలానా జబ్బు ఉంది, లేదు. ఇవి చూసి చూసి తనంతట తనే గుర్తులు పట్టుకుంటుంది. 2017లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన సేకరణలో 1,12,120 ఎక్స్‌రేలు ఉన్నాయి, 30,805 మంది మనుషులవి. ఆ చీటీలను కూడా డాక్టర్లు ఒక్కొక్కటిగా చూసి రాయలేదు, పాత రిపోర్టుల్లోని వాక్యాల నుంచి ఇంకో ప్రోగ్రామ్ ఏరింది. 2018లో అక్కడి పరిశోధకులే ఒక తమాషా కనిపెట్టారు. న్యుమోనియా కనిపెట్టడం నేర్పిన ప్రోగ్రామ్, ఎక్స్‌రే చూడగానే అది ఏ ఆసుపత్రిలో తీసినదో దాదాపు తప్పు లేకుండా చెప్పేస్తోంది. ఒక ఆసుపత్రిలో న్యుమోనియా రోగులు ఎక్కువ, ఇంకోచోట తక్కువ. అది ఊపిరితిత్తి కన్నా ఆసుపత్రిని గుర్తుపట్టి మార్కులు తెచ్చుకుంటోంది. ఏ గుర్తులు చూసి? వాటిలో ఒకటి ఫిల్ము మూల టెక్నీషియన్ అంటించే కుడి, ఎడమ అక్షరపు లోహపు ముక్క. అది చదివిన రోజు లేచి నా సొరుగు తీసి, పాత సీసపు ముక్కను చేతిలోకి తీసుకుని చూశాను. ముప్పై మూడేళ్లు ఎవరూ పట్టించుకోని ఆ ముక్కను చివరికి యంత్రం పట్టించుకుంది.

చేతిరాత చూసి మార్కులు వేసే పంతులు లాంటిది ఇది. తన బడిలో బాగానే నడుస్తుంది, పొరుగు ఊరి బడి కాగితాలు దిద్దమంటే బయటపడుతుంది. అమెరికా ఎక్స్‌రేల మీద 2021లో వచ్చిన ఇంకో పరిశోధన ఇంకా కలవరపెట్టేది. ఇలాంటి ప్రోగ్రాములు జబ్బున్నవారిని ఏ జబ్బూ లేదని వదిలేయడం అందరి విషయంలోనూ ఒకేలా జరగడం లేదట. ఆడవాళ్లలో, నల్లజాతివారిలో, పేదలకు ఇచ్చే ప్రభుత్వ బీమా మీద బతికేవారిలో ఎక్కువగా జరుగుతోందట. ఆ పాపం యంత్రానిది కాదు. దానికి నేర్పిన చీటీల్లో ఉన్నదే అది నేర్చుకుంది. ఇంత చదివాక మా కొండల మీది సవర ఆడమనిషి ఛాతీని ఏ యంత్రం ఎన్నిసార్లు చూసిందో అడగకుండా ఎలా ఉంటాం?

మన ఇరుగుపొరుగులోనే ఒక మంచి పరీక్ష జరిగింది. ఢాకాలో 23,954 మంది ఎక్స్‌రేల మీద ఐదు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించి 2021లో ప్రచురించారు. ఐదూ అక్కడి రేడియాలజిస్టులను మించాయి. నేను యంత్రాన్ని వద్దనకపోవడానికి ఇదొక కారణం. కానీ అదే పరీక్షలో ఐదూ రెండుచోట్ల తడబడ్డాయి. పెద్ద వయసువారి దగ్గర ఒకటి, ఇదివరకే క్షయ వచ్చి తగ్గినవారి దగ్గర ఒకటి. మానిన పుండు మచ్చకీ పచ్చి పుండుకీ తేడా చెప్పడం వాటికి కష్టం.

మా దగ్గర ఆ రెండో రకం మనుషులకు కరువు లేదు. పాతపట్నం వైపు ఒక పెద్దాయన, పదహారేళ్ల కిందట పూర్తి కోర్సు మందులు మింగి బాగుపడ్డాడు. కుడి పైభాగంలో మచ్చ ఉండిపోయింది. ఏ శిబిరంలో నిలబడినా యంత్రం ఆయనను పట్టుకుంటుంది. ప్రతిసారీ కళ్లె పరీక్ష, ప్రతిసారీ లేదని రావడం, ప్రతిసారీ ఊళ్లో నాలుగు రోజులు ఆయన గ్లాసు వేరుగా పెట్టడం. నాలుగోసారి శిబిరం వచ్చినప్పుడు పొలం పోయాడు, సాయంత్రం దాకా రాలేదు. పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తే తేలిపోయే సంగతి ఇది. రేడియాలజిస్టు మొదట అడిగేదే ‘పాత ఫిల్ము ఉందా’ అని. కానీ పాత ఫిల్ము సరిహద్దుకు అవతలి ఆసుపత్రిలో ఉంది, లేదా ఇంటి చూరులో చెద పట్టింది. మా మనుషులు ఇల్లు ఒడిశాలో, కూలి శ్రీకాకుళంలో, మందులు ఎక్కడ దొరికితే అక్కడ. గుణుపూర్ రైలు ఎక్కి నౌపడలో దిగేసరికి రాష్ట్రం మారిపోతుంది, మనిషి ఛాతీ మారదు. సరిహద్దుకు ఇరువైపుల జిల్లాల అధికారులు ఒక్కసారి కూర్చుంటే పాత బొమ్మ కొత్త బొమ్మ పక్కకు వచ్చే ఏర్పాటు కష్టం కాదు. క్షయ రోగుల వివరాలకు దేశమంతటికీ ఒకే నిక్షయ్ వ్యవస్థ ఎలాగూ ఉంది. బొమ్మ కూడా దానివెంట నడవాలి.

రాళ్ల క్రషర్ల దగ్గర పనిచేసినవారి సంగతి ఇంకోటి. రాతిపొడి పీల్చి వచ్చే సిలికోసిస్ కూడా ఊపిరితిత్తుల పైభాగంలోనే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, క్షయలాగే. అది ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశమూ ఎక్కువ. యంత్రం అనుమానం అంటుంది, కళ్లెలో ఏమీ రాదు, ఇంటికి పంపుతారు. అతను ఏం పని చేస్తాడని అడగాలన్న ఆలోచన యంత్రానికి రాదు. శిబిరంలో కూర్చున్న మనిషికి రావాలి.

అంకె గురించి ఒక మాట చెప్పాలి. ఇది కొంచెం చేదుగా ఉండవచ్చు. యంత్రం తనంతట తాను ఉంది, లేదు అని తేల్చదు. సున్నా నుంచి వంద వరకు ఒక అంకె చెబుతుంది. ఎంత దాటితే అనుమానం అనాలో ఆ గీతను గీసేది మనిషి. లెక్క కోసం అనుకుందాం, ఒక ఊళ్లో వెయ్యి మందికి తీస్తే పదిమందికి నిజంగా క్షయ ఉంది. గీతను కిందికి దించితే ఆ పదిమందిలో తొమ్మిదిమందో పదిమందో దొరుకుతారు గానీ వారితోపాటు రెండువందల మందిని కళ్లె పరీక్షకు పంపాలి. పైకి జరిపితే అరవైమందిని పంపితే చాలు గానీ ముగ్గురు రోగులు చేతిలోంచి జారిపోతారు. ఏది సరైనదో యంత్రం చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఏ ప్రాంతానికి ఆ ప్రాంతంలో పరీక్షించి గీత నిర్ణయించుకోమనే చెబుతోంది.

మరి మన దగ్గర ఆ గీత ఎవరు గీశారు? కంపెనీ డబ్బాలోంచి తీసినప్పుడు ఉన్నదే ఉంచారా? కళ్లెలో క్షయ క్రిమిని పరీక్షించే ట్రూనాట్ చిప్పులు తక్కువ వచ్చిన నెలలో ఎవరైనా దాన్ని నిశ్శబ్దంగా పైకి జరిపారా? జరిపి ఉంటే తప్పని నేను అనను, చిప్పులు లేనప్పుడు ఏదో ఒకటి చేయాలి. కానీ అది ముగ్గురిని వదిలేద్దామన్న నిర్ణయం. ఒక సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ పేరుతో అది జరగకూడదు. రేషన్ షాపు ముందు సరుకుల ధరలు రాసినట్టు శిబిరం గుడారం ముందు రాసిపెట్టండి: ఇవాళ గీత ఇంత, ఎందుకంటే ఇందుకు. చదివేవారు చదువుతారు. నేనైతే చదువుతాను.

చట్టం లేదని కాదు. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల నియంత్రణ కిందికి వచ్చింది. 2023లో భారత వైద్య పరిశోధన మండలి కృత్రిమ మేధకు నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమూ వచ్చింది. మా ఛాతీ బొమ్మలు ఏ కంపెనీ కంప్యూటర్లోకి వెళ్లి ఏ కొత్త యంత్రానికి పాఠాలవుతున్నాయో అడిగే హక్కు మాకు దక్కుతుందని అందులోంచి నాకు అర్థమైంది. వెళ్లనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. పైన చెప్పిన సవర ఆడమనిషి ఛాతీ కూడా అందులో ఉంటేనే కదా రేపటి యంత్రం ఆమెను సరిగ్గా చదివేది. కానీ ఆమెకు అర్థమయ్యే మాటల్లో అడిగి తీసుకోండి. వేలిముద్రకూ సమ్మతికీ తేడా ఉంది.

మాటల సంగతి వచ్చింది గనుక మా ఊరి పెద్దాయన గుర్తుకొస్తున్నారు. గిడుగు రామమూర్తిగారు ఈ పర్లాకిమిడిలో పంతులుగా ఉన్నప్పుడే సవరల భాష నేర్చుకున్నారు. వాళ్లను తన భాషలోకి రమ్మనలేదు, తనే వాళ్ల దగ్గరికి వెళ్లి నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం బడులు పెట్టారు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని ఆ తర్వాత జీవితమంతా పోట్లాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినం అంటూ దండలు వేస్తున్నాం. ఆ ఊళ్లోనే ‘నో సజెస్టివ్ ఫీచర్స్’ (అనుమానించే గుర్తులు లేవు) అని ఇంగ్లీషులో అచ్చేసిన కాగితం చేతికిస్తున్నాం. ఆయన చూసి ఉంటే ఏమనేవారో ఊహించి రాయడం నాకు చేతకాదు గానీ, ఊరుకునేవారు కాదని మాత్రం తెలుసు.

కాగితం మీద ఏం ఉండాలో నేను రాసి చూశాను. తెలుగులో ఇలా: ‘మీ ఎక్స్‌రేను కంప్యూటర్ క్షయ కోసం మాత్రమే చూసింది. క్షయ గుర్తులు కనిపించలేదు. గుండె జబ్బులు, ఇతర ఊపిరితిత్తుల జబ్బులు ఇందులో చూడలేదు. ఆయాసం, కాళ్లవాపు, గుండెదడ, తగ్గని దగ్గు ఉంటే ఈ కాగితం పట్టుకుని ఫలానా రోజు ఫలానా చోటికి రండి.’ కింద బాధ్యత తీసుకునే డాక్టరు పేరు, సంతకం. ఇదే ఒడియాలో. సవరలో రాస్తే చదవగలిగేవారు తక్కువ కాబట్టి చదివి వినిపించే ఒక సవర ఆశా కార్యకర్త. అచ్చు ఖర్చు ఎంతవుతుందో మా ఊరి ప్రెస్సులో అడిగాను. యంత్రం ఖరీదు ముందు అది చెప్పుకోదగ్గ మొత్తం కాదు.

‘ఫలానా చోటికి రండి’ అన్నంత మాత్రాన ఆ చోట ఏదో ఒకటి ఉండాలి, ఒప్పుకుంటాను. గుండె అనుమానానికి ఎకో కావాలి. ఇక్కడా కృత్రిమ మేధ పనికొస్తుందని చదివాను. అనుభవం లేని నర్సు చేతిలో ఛాతీకి ఆనించే ప్రోబు పెట్టి కొంచెం ఎడమకు, కొంచెం వంచు అని తెర మీద దారి చూపే సాఫ్ట్‌వేర్‌కు 2020లో అమెరికా అనుమతి ఇచ్చింది. అలాంటిది నెలకొక రోజు పర్లాకిమిడిలో, ఒక రోజు గుణుపూర్‌లో పెట్టి, బొమ్మలను బరంపురంలోనో విశాఖలోనో గుండె డాక్టరు చూస్తే, ఆ అమ్మాయిలాంటి వాళ్లు ఆరో నెల దాకా ఆగనక్కర్లేదు. రుమాటిక్ జబ్బు తొలిదశలో దొరికితే మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూదితో చాలామందిలో ముదరకుండా ఆపవచ్చు. పాతకాలపు మందు, చవక మందు. యంత్రాల కోసం ఢిల్లీకి రాసే ఉత్తరంలో ఈ సూదిమందు కొరత లేకుండా చూడమని ఒక వాక్యం కలపండి.

ఇంజనీర్లకు ఒక్క విన్నపం. మీ యంత్రం బొమ్మ బాగాలేకపోయినా అంకె చెప్పేస్తోంది. చెప్పకండి. ఊపిరి సగమే పీల్చాడు, మనిషి తిరిగి నిలబడ్డాడు, మెడ దగ్గర ఏదో అడ్డం ఉంది, మళ్లీ తీయండి అని చెప్పించండి. మా పాత డాక్టరుగారు ఒకరు బాగాలేని ఫిల్మును చదవనని నా బల్ల మీదికి విసిరేసేవారు. అప్పుడు ఒళ్లు మండేది. నా పని నేర్పింది మాత్రం ఆయనే.

వచ్చే శిబిరం తేదీ, చోటు చెబితే పొద్దున్న ఏడింటికల్లా అక్కడ ఉంటాను. జీతం, భత్యం అక్కర్లేదు, నీడన ఒక కుర్చీ చాలు. యంత్రం పట్టుకునే పిల్లలకు భుజాలు ఎలా వంచించాలో, పూసలు ఎవరి చేతిలో పెట్టించాలో చూపిస్తాను. రబ్బరు బ్యాండ్ల పొట్లం నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి,
ఒక విశ్రాంత ఎక్స్‌రే టెక్నీషియన్